వ్యాసం రాసేముందు అవుట్‌లైన్: ఖాళీ కాగితం నుంచి చివరి పేరా దాకా

వ్యాసం రాయమనగానే చాలామంది చిత్తు కాగితం మీద నాలుగు మాటలు పెట్టేస్తారు: ఉపోద్ఘాతం, కారణాలు, ఫలితాలు, ముగింపు. కొంచెం కోచింగ్ తీసుకున్నవాళ్లయితే మధ్యలో ‘ప్రభుత్వ చర్యలు’ అని ఇంకొకటి ఇరికిస్తారు. అవుట్‌లైన్ అయిపోయిందనుకుని రాయడం మొదలుపెడతారు. ఈ మాటలు కరువుకూ సరిపోతాయి, కాలుష్యానికీ సరిపోతాయి, బాల్యవివాహాలకూ సరిపోతాయి. అన్నిటికీ సరిపోతున్నాయంటే, మీ ముందున్న ప్రశ్న గురించి అవి ఒక్క ముక్క కూడా చెప్పడం లేదన్నమాట.

కర్నూలులో గ్రూప్స్‌కు చదివేవాళ్లవీ, డిగ్రీ పిల్లలవీ వ్యాసాలు దిద్దుతుంటాను. భాష బాగుంటుంది, సమాచారమూ ఉంటుంది. రెండో పేజీ సగానికి వచ్చేసరికి మాత్రం తాము ఏం చెప్పబోతున్నారో రాసేవాళ్లకే గుర్తుండదు. అక్కడినుంచి ఊకదంపుడు మొదలవుతుంది. ‘ప్రభుత్వం తగు చర్యలు తీసుకోవాలి, ప్రజల్లో అవగాహన పెరగాలి’ అనే వాక్యాలు వచ్చేది అప్పుడే.

అందుకే నేను అడిగేది ఒకటే. అవుట్‌లైన్‌లో హెడ్డింగులు వద్దు, క్రియ ఉన్న పూర్తి వాక్యాలు రాయండి. ‘కారణాలు’ అని కాకుండా, ఆ కారణం ఏమిటో చెప్పే వాక్యం పెట్టండి. అది ఎలా చెయ్యాలో ఒకే ప్రశ్న తీసుకుని మొదటినుంచి చివరిదాకా చూద్దాం. ప్రశ్న ఇది:

‘కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతం నుంచి ఏటా జరిగే వలసలకు కారణాలను, పరిష్కార మార్గాలను చర్చించండి.’

టైం సంగతి ముందే చెప్పేస్తాను. ఏపీపీఎస్సీ గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఎస్సే 150 మార్కుల పేపరు, మూడు గంటలు. యూపీఎస్సీ సివిల్స్‌లో అయితే అదే మూడు గంటల్లో రెండు వ్యాసాలు, 250 మార్కులు. గంటలో రాయాల్సిన వ్యాసానికి పది పన్నెండు నిమిషాలు అవుట్‌లైన్‌కే ఇవ్వండి. పక్క బెంచీలో వాళ్లు అప్పటికే రెండో పేజీ తిప్పుతుంటే టెన్షన్ వస్తుంది. రానివ్వండి. ఇంట్లో కూర్చుని రాసే పోటీ వ్యాసానికైతే ఒక పూట పట్టినా ఫరవాలేదు.

1. ప్రశ్నను ముక్కలు చెయ్యడం

ప్రశ్నలో మూడు చోట్ల గీత గీయండి: దేని గురించి, ఎంతమేరకు, ఏం చెయ్యమన్నారు.

దేని గురించి అంటే వలస గురించి. కరువు గురించి అడగలేదు. రాయలసీమ వెనుకబాటుతనం గురించీ అడగలేదు. ఈ తేడా పట్టించుకోకుండా, తమకు బాగా వచ్చిన ‘సీమ కరువు’ వ్యాసాన్ని తెచ్చి ఇక్కడ దింపేసేవాళ్లు సగానికి సగం ఉంటారు.

ఎంతమేరకు అంటే ‘కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతం’. ఆదోని, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం, ఎమ్మిగనూరు, ఆలూరు వైపు ఊళ్లు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల వేరే జిల్లా అయింది కాబట్టి ఇప్పుడు కర్నూలు జిల్లా అంటే అందులో శ్రీశైలం లేదు, ఆళ్లగడ్డ లేదు. పాత మెటీరియల్ చూసి చదివినవాళ్లు ఇక్కడ తడబడతారు. దిద్దేవాళ్లకు అది వెంటనే కనబడుతుంది.

ఏం చెయ్యమన్నారు అంటే ‘చర్చించండి’. వివరించండి అంటే విషయం అర్థమయ్యేలా చెబితే చాలు. విశ్లేషించండి అంటే దేనివల్ల ఏది జరిగిందో విడదీసి చూపాలి. చర్చించండి అన్నప్పుడు ఒకటికి రెండు వైపులు ఉండాలి, ఆ రెండిట్లో మీరు ఎటువైపు ఉన్నారో కూడా తెలియాలి. రెండు వైపులూ చెప్పి గోడమీది పిల్లిలా ఆగిపోతే చర్చ సగమే అయినట్టు.

2. తలలో ఉన్నదంతా కాగితం మీద గుమ్మరించడం

మూడు నాలుగు నిమిషాలు. వరుస వద్దు, మంచి చెడ్డా వద్దు, పూర్తి వాక్యాలూ ఇప్పుడే వద్దు. తోచిందల్లా పొడి మాటల్లో రాసుకుంటూ పోవాలి. ఈ ప్రశ్నకు ఒక చిత్తు కాగితం సుమారుగా ఇలా ఉంటుంది:

గుంటూరు సుగ్గి (కోతల పనికి పోయే వలస), మిరప కోత. బెంగళూరులో కట్టడం పని. తాళాలు వేసిన ఇళ్లు, అరుగుమీద ముసలోళ్లు. బడి మానేసే పిల్లలు. సీజనల్ హాస్టళ్లు (వలస నెలల్లో పిల్లలు ఉండి చదువుకునేవి). ఎల్లెల్సీ (తుంగభద్ర దిగువ కాలువ) చివరి భూములు. తుంగభద్ర డ్యాంలో పూడిక. 2024లో కొట్టుకుపోయిన గేటు. ఉపాధి హామీ, బండ్లపల్లి. కూలి డబ్బులు లేటు. మేస్త్రీ (కూలీలను కుదిర్చే మనిషి) అడ్వాన్సు. పత్తి, ఉల్లి ధరలు. ఆదోని జిన్నింగ్ మిల్లులు. గుండ్రేవుల రిజర్వాయరు ప్రతిపాదన. ధాత కరువు. మన్రో. శ్రీబాగ్ ఒడంబడిక. 1953లో కర్నూలు రాజధాని. సుగ్గి డబ్బుతోనే ఇల్లు కట్టుకున్నవాళ్లు.

చివరిది చూశారా? మిగతావన్నీ పుస్తకాల్లోనో పేపర్లోనో చదివినవి. అది మాత్రం చూసి రాసింది. ఆ వైపు ఊళ్లనుంచి వచ్చిన ఒకమ్మాయి కాగితంలో ఇలాంటిదే ఒక మాట కనిపించి, ‘దీన్ని వ్యాసంలో ఎందుకు వదిలేసినావమ్మా?’ అని అడిగితే, ‘ఇది మా ఇంటి సంగతి కదా సార్, వ్యాసంలో ఎట్ల రాసేది?’ అనింది. పేర్లు తీసేసి తప్పకుండా రాయొచ్చు. నూరు మంది రాసే వ్యాసాల్లో మీది విడిగా కనబడేది అలాంటి మాటతోనే. గుమ్మరించేటప్పుడు ‘ఇది రాయదగినదేనా’ అనే ప్రశ్న వేసుకోవద్దని చెప్పేది ఇందుకే. ముందు కాగితం మీదికి రానివ్వండి.

3. ఒక్క వాక్యంలో మీ మాట

ఇప్పుడు కాగితం పైభాగాన ఒక వాక్యం రాయాలి. వ్యాసం మొత్తం చదివినవాడు ‘ఇంతకీ ఏమంటాడు?’ అని అడిగితే చెప్పాల్సిన జవాబు అది. మొదటిసారికే కుదరదు, రెండు మూడు సార్లు కొట్టేయాల్సి వస్తుంది.

మొదటి ప్రయత్నం: ‘వలసలు పశ్చిమ కర్నూలు ఎదుర్కొంటున్న తీవ్రమైన సమస్య.’ కాదనేవాడెవడు? ఎవరూ కాదనలేని వాక్యం చుట్టూ చర్చ ఉండదు.

రెండో ప్రయత్నం: ‘వలసలకు కరువే కారణం.’ ఇది మేలు, కాదనడానికి వీలుంది. కానీ వానలు బాగా పడిన ఏడు కూడా జనం సుగ్గికి పోతున్నారు కదా? దానికి ఈ వాక్యం దగ్గర జవాబు లేదు.

మూడో ప్రయత్నం: ‘వలసకు మూలం నీళ్లు లేకపోవడమే అయినా, అది ఏటా ఆగకుండా సాగడానికి కారణం ఖరీఫ్ పంట ఇంటికొచ్చాక నాలుగైదు నెలలు ఊళ్లో పని దొరకకపోవడం, కాబట్టి సాగునీటి ప్రాజెక్టుల కోసం ఎదురుచూస్తూనే, ఆ నెలల్లో పనికీ పిల్లల చదువుకూ ఇప్పుడే ఏర్పాటు చెయ్యాలి.’

ఇదీ వాక్యమంటే. కొంచెం పొడవైంది, అయినా సరే. ఇందులో ఒక ‘అయినా’ ఉంది, ఒక ‘కాబట్టి’ ఉంది. వ్యాసం ఎటు నడవాలో ఆ రెండు మాటలే చెబుతున్నాయి. మీతో ఏకీభవించని మనిషిని ఒకసారి ఊహించుకోండి. ‘అదేం లేదు, నీళ్లొస్తే అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి’ అని అతను అనగలడా? అనగలడు. అయితే మీ వాక్యం పనికొస్తుంది.

4. కొట్టివేతలు

ఈ మెట్టు దగ్గరే ఎక్కువమందికి చెయ్యి ఆడదు. కష్టపడి చదివినదాన్ని కొట్టేయాలంటే ప్రాణం ఒప్పదు. పరీక్ష మాత్రం సులువు: కాగితం మీదున్న ప్రతి మాటనూ పైనున్న వాక్యం పక్కన పెట్టి, ‘ఇది లేకపోతే నా వాదన ఎక్కడైనా కుంటుతుందా?’ అని అడగండి.

మన్రో. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్లకు వదిలేశాక దత్త మండలాలకు వచ్చిన కలెక్టరు, రైత్వారీ పేరెత్తితే గుర్తొచ్చే మనిషి. వాదనకు అక్కర్లేదు, కొట్టెయ్యండి. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని కావడం, మూడేళ్లకు ఆ హోదా పోవడం మనకెంత బాధైనా వలస వ్యాసంలో దానికి చోటు లేదు. కొట్టెయ్యండి.

ధాత కరువు దగ్గర కొంచెం ఆగాలి. 1876-78 నాటి ఆ కరువు సీమను ఊడ్చేసింది. ‘ఈ నేలకు వలస కొత్త కాదు’ అని చెప్పాలనుకుంటే ఒక వాక్యంలో వాడుకోవచ్చు. కానీ ఆనాడు జనం ఊళ్లు వదిలింది ప్రాణాలు దక్కించుకోవడానికి. ఇప్పటి సుగ్గి, పంటకాలం చూసుకుని పోయి మళ్లీ ఉగాది వేళకో ఆ తర్వాతో ఇంటికొచ్చే వలస. రెండూ ఒకటేనన్నట్టు రాస్తే వాదన చెడుతుంది. నేనైతే కొట్టేస్తాను.

శ్రీబాగ్ ఒడంబడికదీ ఇదే తంతు గానీ తీర్పు వేరు. 1937 నవంబరు 16న కోస్తా, సీమ నాయకులు చేసుకున్న ఆ ఒప్పందంలో తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్ల వాడకంలో సీమ అవసరాలకు ప్రాధాన్యం ఉండాలన్న మాట ఉంది. ప్రశ్న ‘రాయలసీమ నీటి హక్కులు’ అయివుంటే వ్యాసానికి నడుము అదే. వలస ప్రశ్నలో మాత్రం నీళ్ల పేరాలో ఒక్క వాక్యం చాలు. దాని పక్కన ‘ఒకటే లైను’ అని రాసుకోండి. లేకపోతే పెన్ను ఆగదు, అరపేజీ అయిపోతుంది.

2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోవడం పేపర్లలో బాగా వచ్చింది కాబట్టి అందరూ రాస్తారు. ఒక ఏడాది ప్రమాదం ఏటా జరిగే వలసను వివరించలేదు. దానికన్నా పూడిక సంగతి గట్టి ఆధారం. డ్యాం కట్టిన కొత్తలో 130 టీఎంసీలకు పైగా ఉన్న నిల్వ సామర్థ్యం పూడిక పేరుకుపోయి 105 టీఎంసీల దాకా పడిపోయింది. గేటు పోనివ్వండి, పూడిక ఉంచండి.

5. మాటలను వాక్యాలుగా మార్చడం

మిగిలినవాటిని దగ్గరదగ్గరవి ఒకచోటికి చేర్చండి. బాణాలు గీస్తారో, ఒకే రకం గుర్తులు పెడతారో మీ ఇష్టం. నీళ్లకు సంబంధించినవి ఒక గుంపు, పనికి సంబంధించినవి ఒక గుంపు, పిల్లలవి ఒకటి. గుంపు కాగానే దానికి హెడ్డింగు పెట్టాలని చెయ్యి లాగుతుంది. ఆపుకోండి. గుంపు మొత్తం కలిసి ఏం చెబుతోందో వాక్యంగా రాయండి.

‘నీటి సమస్య’ అని రాశారనుకుందాం. రాసే గంటలో ఆ రెండు మాటలను చూసినప్పుడు మళ్లీ మొదటినుంచి ఆలోచించాల్సిందే: నీటి సమస్య గురించి ఏం చెప్పాలి? వాన తక్కువనా, కాలువ లేదనా, కాలువ ఉన్నా నీళ్లు రావనా? దానికి బదులు ‘తుంగభద్ర దిగువ కాలువ ఉన్న ఊళ్లల్లో కూడా చివరి పొలాలకు నీళ్లు చేరవు’ అని రాసి పెట్టుకున్నారనుకోండి, పేరాకు మొదటి వాక్యం దొరికిపోయింది. తర్వాత ఏం రాయాలో కూడా అదే చెబుతుంది: ఎందుకు చేరవు? ఎల్లెల్సీకి కేటాయింపు 24 టీఎంసీలు. కాలువ మొదట కర్ణాటకలో చాలా దూరం పారి మన జిల్లాలోకి వస్తుంది, పైన వాడకం పెరిగేకొద్దీ కింద తగ్గుతుంది, డ్యాంలో పూడిక సరేసరి. పేరా దాదాపు తయారైనట్టే.

ఇంకో గుంపు: ఉపాధి హామీ, బండ్లపల్లి, కూలి లేటు, మేస్త్రీ అడ్వాన్సు. మామూలుగా అయితే దీనికి ‘ప్రభుత్వ పథకాలు’ అని హెడ్డింగు పెట్టి, చట్టం 2005లో వచ్చింది, అందులో ఏడాదికి 100 రోజుల పని అన్నారు, 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో పథకం మొదలైంది అని వరుసగా రాసుకుపోతారు. అన్నీ నిజాలే, ఒక్కటీ వాదన కాదు. ఇదే గుంపు వాక్యమైతే ఎలా మారుతుందో చూడండి: ‘ఉపాధి హామీ పథకం పుట్టిందే మన పక్కన బండ్లపల్లిలో. అయినా సీమలో వలస ఆగలేదు. ఎందుకంటే పని చేశాక ఎప్పుడో వచ్చే కూలి కన్నా పోకముందే చేతిలో పడే మేస్త్రీ అడ్వాన్సు ఇంటి అప్పుకు అక్కరకొస్తుంది.’ బండ్లపల్లి ఇప్పుడు జీకే బిట్టు కాదు, వాదనలో ఒక మెట్టు. ఈ మార్పు హెడ్డింగుతో ఎప్పటికీ రాదు.

అన్ని గుంపులూ వాక్యాలయ్యాక కాగితం ఇలా ఉంటుంది:

1. సంక్రాంతి చుట్టుపక్కల కోసిగి, కౌతాళం వైపు ఊళ్లల్లో కుటుంబాలకు కుటుంబాలే ఇళ్లకు తాళాలేసి సుగ్గికి పోతాయి.
2. ఇక్కడి సేద్యం ఎక్కువగా వాన మీదే నడుస్తుంది, కాలువ ఉన్నచోట కూడా చివరి పొలాలకు నీళ్లు చేరవు.
3. అందువల్ల ఒక్క పంటతో పని అయిపోతుంది. సరిగ్గా అదే కాలానికి గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతకు మనుషులు కావాల్సి వస్తారు.
4. ఊళ్లో ఉపాధి హామీ ఉన్నా అడ్వాన్సుతో అది పోటీ పడలేకపోతోంది.
5. సుగ్గి వల్ల అప్పులు తీరినవాళ్లు, ఇళ్లు కట్టుకున్నవాళ్లు ఉన్నారు, కాబట్టి పోవద్దని ఎవరికీ చెప్పలేం.
6. అయితే ఆ లాభానికి ధర కట్టేది పిల్లలు: చదువుల ఏడాది మధ్యలో బడి ఆగిపోతుంది, మళ్లీ వచ్చాక తరగతి అందదు.
7. పూడిక, గుండ్రేవుల లాంటి నీటి పనులు ఏళ్లు పడతాయి. సీజనల్ హాస్టళ్లు పోకముందే తెరవడం, ఆ నెలల్లో పని వెంటనే చూపి కూలి వారానికల్లా ఇవ్వడం ఈ ఏడాదే చెయ్యొచ్చు.

ఏడు వాక్యాలు. వ్యాసం చదవకుండా ఈ ఏడు చదివినా మీరేమంటున్నారో తెలుస్తుంది. ఏదైనా వాక్యంలో క్రియ లేకపోతే, లేదా ‘ఉంది, కలదు, ముఖ్యమైనది’ అన్న దగ్గరే ఆగిపోతే, అక్కడ ఆలోచన ఇంకా పూర్తికాలేదని గుర్తు.

6. వరుస సరిచూడటం

వాక్యానికీ వాక్యానికీ మధ్య ఒక చిన్న మాట పెట్టి చూడండి: ‘ఎందుకంటే’, ‘అందువల్ల’, ‘అయినా’, ‘అయితే’, ‘కాబట్టి’. ఏదో ఒకటి అతికితే రెండూ సరైన చోటే ఉన్నాయి. ‘ఇంకా’, ‘అలాగే’, ‘అంతేకాక’ తప్ప ఏమీ కుదరడం లేదంటే మీరు వాదన నడపడం లేదు, సరుకుల చీటీ రాస్తున్నారు.

పై ఏడింటికీ ఇది చేసి చూడండి. ఒకటి నుంచి రెండుకు ‘ఎందుకంటే’. రెండు నుంచి మూడుకు ‘అందువల్ల’. మూడు నుంచి నాలుగుకు కొంచెం ఆగాలి: చదివేవాడు ‘మరి ఊళ్లోనే పని ఇస్తున్నారు కదా?’ అని అడుగుతాడు, నాలుగోది దానికి జవాబు. నాలుగు నుంచి ఐదుకు ‘అయినా’. ఐదు నుంచి ఆరుకు ‘అయితే’. ఆరు నుంచి ఏడుకు ‘కాబట్టి’.

ఐదోదాన్ని గమనించండి. అది మీ వాదనకు ఎదురు మాట. చాలామంది ఎదురు మాటను చివర్లో, ముగింపుకు ముందు ఇరికిస్తారు. అక్కడ పెడితే అప్పటిదాకా కట్టింది కూలిపోయినట్టుంటుంది. మధ్యలో పెట్టి, వెంటనే ఆరోదానితో దానికి బదులు చెబితే వ్యాసం బలపడుతుంది. ‘వలస చెడ్డది’ అనే తేలిక మాటనుంచి ‘వలస ఎవరికి మేలు, ఎవరికి కీడు’ అనే అసలు మాటకు వ్యాసం మళ్లేది ఇక్కడే. సమాధానాల కట్టలు దిద్దేవాళ్లు కొంచెం నిటారుగా కూర్చునేదీ ఇక్కడే.

అన్ని వ్యాసాలకూ కారణం-ఫలితం వరుస పనికిరాదు. ‘వేమన పద్యాల్లో సామాజిక విమర్శ’ అనే ప్రశ్న వచ్చిందనుకోండి. కటారుపల్లిలో సమాధి, బ్రౌన్ 1829లో పద్యాలు అచ్చు వేయించడం, కవి కాలం మీద తగాదాలు అని మొదలుపెడితే విమర్శ దాకా రావడానికి టైం ఉండదు. ఆ వ్యాసానికి మెత్తటి మాటనుంచి గట్టి మాటకు పోయే వరుస నప్పుతుంది: ముందు లోభిని ఎగతాళి చేసిన పద్యాలు, ఆ తర్వాత దొంగ సన్యాసుల మీద వేసినవి, చివరికి కులం మీద విసిరినవి. బ్రౌన్ ఒక వాక్యంలో వచ్చి పోతే చాలు.

7. ఆధారం, చోటు

ప్రతి వాక్యం పక్కన రెండు చిన్న గుర్తులు పెట్టుకోవాలి. ఒకటి ఆధారం: ఈ మాటను దేనితో నిలబెడతారు? ఒక అంకె, ఒక ఊరి ఉదాహరణ, ఒక చట్టం, కళ్లతో చూసిన ఒక సంగతి, ఏదైనా సరే. ఆధారం లేని వాక్యం కనబడితే రెండే దారులు: ఆధారం వెతకండి, లేదా వాక్యాన్ని చిన్నది చేసి పక్కదానితో కలిపెయ్యండి. అంకె సరిగా గుర్తులేకపోతే అంకె రాయొద్దు. ‘లక్షలాది మంది’ అని గాల్లోకి ఒక సంఖ్య విసిరేకన్నా ‘బడిలో సగం బెంచీలు ఖాళీ అవుతాయి’ అని మీరు చూసిన ఊరి సంగతి రాయడం మేలు, అది నిజంగా మీరు చూసినదైతేనే.

రెండోది చోటు. 800 మాటల వ్యాసమైతే ఏడు వాక్యాలకూ సమానంగా పంచకండి. మొదటిదానికి 80 చాలు. మూడు, నాలుగు, ఆరు దగ్గరే మీ వాదన ఉంది కాబట్టి ఒక్కోదానికి 130 నుంచి 150 ఇవ్వండి. ఐదోదానికి 80 మించొద్దు. మిగిలింది రెండుకూ ఏడుకూ. చేతిరాతలో పేజీకి ఎన్ని మాటలు వస్తాయో ఒకసారి ఇంట్లో లెక్కపెట్టి పెట్టుకుంటే, పరీక్షలో మాటలు లెక్కపెట్టే పని తప్పుతుంది. ‘ఇది ముప్పావు పేజీ’ అని పక్కన రాసుకుంటే చాలు.

8. ఎత్తుగడ, ముగింపు

వీటి గురించి కోచింగుల్లో గంటలు గంటలు చెబుతారు. నాకు అంత అవసరం కనబడదు. ‘అనాదిగా మానవుడు...’ అని మొదలుపెట్టొద్దు, ఎవరిదో తెలియని కొటేషన్ పెట్టొద్దు. మీ ఒకటో వాక్యంలోని తాళాలు వేసిన ఇళ్లే మంచి ఎత్తుగడ, దాని వెనకే మూడో మెట్టులో రాసుకున్న ఒక్క వాక్యం. ఏడో వాక్యం పూర్తయ్యాక వ్యాసం అయిపోయినట్టే. దాని కింద ‘ఈ విధంగా’ అంటూ ఇంకో పేరా తగిలించనక్కర్లేదు.

రాసేటప్పుడు అవుట్‌లైన్ మారితే

మారుతుంది. నాలుగో పేరా రాస్తుంటే ఆరోదాంట్లో పెట్టాల్సిన మంచి ఉదాహరణ తడుతుంది. వెంటనే రాసే పేరాలోకి దూర్చకండి. చిత్తు కాగితం దగ్గరికి పోయి ఆరో వాక్యం పక్కన ఒక మాట రాసి మళ్లీ రండి. మొత్తం వాదనే తప్పనిపిస్తే పరీక్షలో అయితే మార్చొద్దు, టైం చాలదు. ఇంట్లో రాసే వ్యాసమైతే నిరభ్యంతరంగా మార్చండి, అందుకే కదా ముందు కాగితం మీద పెట్టుకుంది.

ఇంట్లో రాసేవాళ్లు, ముఖ్యంగా పీజీ ప్రాజెక్టు రిపోర్టులు రాసేవాళ్లు, కాగితానికి బదులు చీటీలు వాడితే సుఖం. ఒక చీటీ మీద ఒకే వాక్యం, వెనకవైపు ఆధారం ఎక్కడ దొరికిందో. కడపలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయంలోనో, అనంతపురంలో ఎస్కే యూనివర్సిటీ లైబ్రరీలోనో కూర్చుని నోట్సు రాసుకునేటప్పుడే ఇలా చీటీల మీద రాసుకుంటే, ఇంటికొచ్చాక చాప మీద పరిచి వరుస మార్చుకోవడం సులువు. ఫోన్‌లో నోట్స్ యాప్ వాడినా తప్పులేదు గానీ, స్క్రీన్ మీద ఒకేసారి నాలుగు వాక్యాలకు మించి కనబడవు. వరుస పట్టుకోవడానికి అన్నీ ఒక్క చూపులో కనబడాలి.

రాశాక తిరగేసి చూడటం

ప్రాక్టీసు వ్యాసాలకు ఇది తప్పకుండా చెయ్యండి. వ్యాసం పూర్తయ్యాక, పాత అవుట్‌లైన్ చూడకుండా, ప్రతి పేరా ఏం చెబుతోందో మార్జిన్‌లో ఒక్కో వాక్యంగా రాయండి. తర్వాత రెంటినీ పక్కపక్కన పెట్టండి. పేరా ఏం చెబుతోందో ఒక్క వాక్యంలో రాయలేకపోతే అందులో రెండు విషయాలు కలిసిపోయాయి, విడగొట్టండి. రెండు పేరాలకు ఒకే వాక్యం వస్తే ఒకటి తీసెయ్యండి. అవుట్‌లైన్‌లో ఉన్న మాట మార్జిన్‌లో ఎక్కడా రాకపోతే అది రాయడం మరిచిపోయినట్టు. నేను చూసినంతలో ఎక్కువసార్లు మాయమయ్యేది ఐదోది, ఆ ఎదురు మాటే.

పరీక్ష హాల్లో అవుట్‌లైన్ వేసిన పేజీ మీద ‘చిత్తు పని’ అని రాసి, అడ్డంగా ఒక గీత గీసేయండి. కొన్ని పరీక్షల్లో చిత్తు పనికి ప్రత్యేకంగా చోటు ఉంటుంది కాబట్టి బుక్‌లెట్ మీది సూచనలు ముందే చదువుకోవాలి.

చెయ్యి తిరగడానికి మన చుట్టూ ఉన్న మూడు ప్రశ్నలు ఇస్తున్నాను. వ్యాసం రాయక్కర్లేదు, అవుట్‌లైన్ దాకా చాలు, ఒక్కోదానికి పన్నెండు నిమిషాలు. ‘వానాధార సేద్యంలో ఒకే పంట మీద ఆధారపడటం: అనంతపురం వేరుశనగ రైతు అనుభవం.’ ‘చిన్న జిల్లాలతో పాలన ప్రజలకు దగ్గరైందా? 2022 పునర్విభజన తర్వాత కర్నూలు, కడప, అనంతపురం.’ ‘ఊరి గ్రంథాలయం ఫోన్ కాలంలో దేనికి?’ మొదటిదాంట్లో ‘కరువు’ అనే మాట వాడకుండా మీ ఒక్క వాక్యం రాయగలరేమో చూడండి.